అమ్మకు తెలియని సంగతి, నాన్నగారి సంవత్సరీకం

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. కాలేజీ రోజుల నుంచీ నాకు దేవుడి మీద గానీ, ఆత్మ, పరలోకం వంటి వాటి మీద గానీ నమ్మకం లేదు. ఈ సంగతి నా భార్యకూ ఇద్దరు ముగ్గురు మిత్రులకూ తప్ప ఎవరికీ తెలియదు. పోయిన ఏడాది నాన్నగారు కాలం చేశారు. ఒక్కడినే కొడుకును గనుక కర్మకాండ అంతా నేనే చేశాను. నమ్మకం లేని మాటలు పలుకుతూ కూర్చున్నానే గానీ నాన్న కోసం మనసారా ఏడవలేకపోయాను. వచ్చే నెలలో సంవత్సరీకం. అమ్మ అప్పుడే పురోహితుడితో మాట్లాడింది. మళ్ళీ కూర్చుంటే పిరికివాడివని మిత్రులు అంటున్నారు. కూర్చోనంటే అమ్మ తట్టుకోలేదు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం. నా సంగతి బయటపడితే ఏమవుతుందోనని భయంగా ఉంది. ఏడేళ్ళ మా అమ్మాయి 'దేవుడు నిజంగా ఉన్నాడా నాన్నా?' అని అడిగితే మాట దాటేశాను. చట్టం దృష్టిలో నాలాంటి వాడి స్థానం ఏమిటో కూడా తెలియదు. ఇలా రెండు ముఖాలతో ఎంతకాలం బతకాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం సంవత్సరీకం గురించినది కాదు, నాన్నగారి కోసం మనసారా ఏడవలేకపోయానన్నది. దాన్ని మీరు దారిలో వచ్చిన మాటలాగా రాసి ముందుకు వెళ్ళిపోయారు. తండ్రి పోయిన రోజుల్లో దుఃఖించవలసిన మనిషి, తన నమ్మకాలు బయటపడకుండా చూసుకునే పనిలో ఉండిపోవలసి రావడం చిన్న నష్టం కాదు. మీ సమస్యను నేను అక్కడి నుంచే చూస్తాను, ఎందుకంటే మిత్రులు అడుగుతున్న 'కూర్చుంటావా, కూర్చోవా' అన్న ప్రశ్నకు ఆ నష్టం పూడ్చే శక్తి లేదు.

ముందుగా పిరికితనం మాట. అమ్మ బాధపడుతుందని వెనుకాడే మనిషిని పిరికివాడనడం తొందరపాటు. అయితే మీ మిత్రులు పొరబడిన చోటు ఒకటి ఉన్నట్టే, వాళ్ళకు సరిగ్గా కనిపించినది కూడా ఒకటి ఉంది. సంవత్సరీకంలో కర్త స్థానంలో కూర్చున్నవాడి వేలికి దర్భ పవిత్రం తొడిగిస్తారు. ఎవరి కొడుకు, ఏ గోత్రం, ఏ తిథినాడు, ఎవరి కోసం ఈ పని చేస్తున్నాడో సంకల్పంలో పేరు పేరునా పలికిస్తారు. ఆ తరువాత పిండాలు పెట్టించి, నువ్వులూ నీళ్ళూ వదిలిస్తారు. ఇదంతా వెనక వరుసలో చేతులు కట్టుకుని నిలబడటం లాంటిది కాదు. తన పేరు మీద, తన నోటితో ఇచ్చే మాట. అందుకే గుడికి అమ్మను తీసుకెళ్ళి బయట చెప్పులు చూసుకుంటూ కూర్చున్నప్పుడు కలగని ఇబ్బంది మీకు అక్కడ కలిగింది. మీ మనసు అనవసరంగా పెద్దది చేసుకుంటున్నదేమీ లేదు. తేడా నిజంగానే ఉంది.

కానీ ఆ మాటను అబద్ధం చేస్తున్నది మంత్రం కాదని నా అభిప్రాయం. ఆ మాటను నిజమని నమ్మి పక్కన కూర్చున్న అమ్మకు మీ సంగతి తెలియకపోవడం. మీ నమ్మకం ఏమిటో పూర్తిగా తెలిసిన మనిషి, 'అయినా నా కోసం కూర్చో నాయనా' అని అడిగితే, మీరు కూర్చుంటే, అక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేయడం లేదు. అదే పని, అవే దర్భలు, అవే నువ్వులు. కానీ అప్పుడు మీరు అమ్మకు చేస్తున్న సేవ అది, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. ఇప్పుడున్న స్థితిలో కూర్చున్నా కూర్చోకపోయినా మీ బాధ తీరదు. కనుక నిర్ణయించుకోవలసిన మొదటి విషయం అమ్మకు చెప్పడం.

మన నేల మీద ఈ దారిలో అందరికంటే దూరం నడిచినవారు గోరాగా పేరుపడిన గోపరాజు రామచంద్రరావు. జంధ్యం తీసేసినందుకు వెలికి గురయ్యారు, నాస్తికత్వం కారణంగా కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి 1947లో దాన్ని విజయవాడకు తరలించారు. ఆయన జీవితంలో మీకు పనికివచ్చే ఘట్టం ఆ ధిక్కారాల్లో కాక, ఆయనకూ గాంధీజీకీ మధ్య జరిగిన సంభాషణల్లో ఉందనుకుంటాను. ప్రార్థన లేకుండా రోజు గడపని మనిషి దగ్గరికి వెళ్ళి, తాను నాస్తికుడినని దాచకుండా చెప్పి, అంటరానితనం పోగొట్టే పనిలో కలిసి నడిచారు గోరా. తన పెద్దకూతురు మనోరమకు అంటరానివారనిపించుకున్న కులంలో పుట్టిన అర్జునరావుతో పెళ్ళి తలపెట్టినప్పుడు, దాన్ని సేవాగ్రామంలో తానే జరిపించడానికి గాంధీజీ అంగీకరించారు. ఆ సందర్భంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు మీద జరిపించడానికి కూడా ఒప్పుకున్నారు. గాంధీజీ హత్య తరువాత, 1948 మార్చిలో, ఆ పెళ్ళి సేవాగ్రామంలోనే జరిగింది. అంత గాఢమైన విశ్వాసి ఒక నాస్తికుడి కోసం అంత దూరం రాగలిగాడంటే, అవతలి మనిషి తన దగ్గర ఏమీ దాచలేదన్న భరోసా ఉండబట్టే. గోరాలాగా మీరు ఉద్యమం నడపనవసరం లేదు, ఊరందరికీ ప్రకటించనవసరం అసలే లేదు. మీ నమ్మకం ఎవరెవరికి తెలియాలన్నది మీ ఇష్టం. మీ నోటి మాట మీద ఆధారపడి ఒక పవిత్రకార్యం జరిపించుకుంటున్న మనిషికి మాత్రం తెలియాలి.

ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు గానీ అసలు కష్టం అక్కడే ఉంది. తిథి దగ్గర పడ్డాక చెప్పవద్దు. చుట్టాలు వచ్చి ఇంట్లో ఉన్నప్పుడు అసలే వద్దు. మేనమామలో పెదనాన్నలో వినే చోట చెబితే అది అమ్మకు విషయంగా కాక, పదిమందిలో అవమానంగా మిగులుతుంది. మీరిద్దరే ఉన్నప్పుడు, నాన్నగారి మాటతో మొదలుపెట్టండి. 'అమ్మా, నాన్న ఎక్కడో ఉన్నారని నాకు నమ్మకం కలగడం లేదు. పోయిన ఏడాది అన్నీ చేశాను గానీ అవి నమ్మి చేసినవి కావు. నీ దగ్గర దాచి చేయడం నాకు కష్టంగా ఉంది. నాన్నంటే నాకు ఎంతో నీకు తెలుసు.' ఇంతకు మించి మొదటి రోజు అవసరం లేదు.

ఆమె వెంటనే అడగబోయే ప్రశ్నలు రెండు. 'మరి నాన్నకు గతులెలా?' అన్నది ఒకటి. 'నీకేమైనా అవుతుందేమో, పిల్లకేమైనా అవుతుందేమో' అన్నది రెండోది. రెండూ వాదనలుగా వినిపించినా నిజానికి రెండూ భయాలు, ఒకటి భర్త గురించి, ఇంకొకటి కొడుకు గురించి. భయానికి రుజువులతో జవాబు చెప్పేవాడు వాదంలో నెగ్గుతాడు గానీ తల్లి మనసులో ఓడిపోతాడు. ఆత్మ లేదని నిరూపించబోకండి. 'నీ నమ్మకం తప్పని నేననడం లేదమ్మా, నాకు కుదరడం లేదంటున్నాను' అనండి. ఆమె ఏడవవచ్చు, రెండు మూడు రోజులు మాట్లాడకపోవచ్చు, ఎవరు నీ బుర్ర పాడుచేశారని అడగవచ్చు. ఆ నింద కోడలి మీద పడే అవకాశం ఎక్కువ. మీ భార్యకు ముందే చెప్పి ఉంచండి, 'ఈ ఆలోచన నాకు పెళ్ళికి ముందు నుంచీ ఉంది' అని అమ్మ ముందు స్పష్టంగా చెప్పండి.

ఆ తరువాత సంవత్సరీకం సంగతి. అన్నీ విన్నాక కూడా అమ్మ మిమ్మల్నే కూర్చోమంటే, కూర్చోండి. ఇందులో నేను మీ మిత్రులతో ఏకీభవించను. ఇన్నేళ్ళు కలిసి బతికిన మనిషికి చేయగలిగిన చివరి పని అది అని నమ్మే స్త్రీ కోసం ఒక పూట కూర్చోవడం వల్ల మీ ఆలోచనకు లోటేమీ రాదు. ఆమెకే అది ఇష్టం లేకపోతే, నమ్మకం లేనివాడు చేసినది నాన్నకు చేరదనుకుంటే, నమ్మకం ఉన్నవారు చేయవచ్చు. కూతుళ్ళు తలకొరివి పెట్టి కర్మ జరిపిస్తున్న కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి; మీ చెల్లెలికి ఆ కోరిక ఉందేమో అడిగారా? అప్పుడు వచ్చినవారిని పలకరించడం, భోజనాల ఏర్పాటు, ఖర్చు మీరు చూసుకోవచ్చు.

ఏ విధంగా జరిగినా, అదే రోజు సాయంత్రమో ఆ వారంలోనో నాన్నగారి సంస్మరణ సభ ఒకటి మీరు పెట్టాలని నా కోరిక. మన ప్రాంతంలో హేతువాదులు, కమ్యూనిస్టులు చాలాకాలంగా పెద్దకర్మకు బదులు సంస్మరణ సభలు జరుపుతున్నారు. మీ ఇంట్లో అది బదులుగా కాకుండా అదనంగా జరగవచ్చు. హాలు, మైకు, దండలు వద్దు. ఇంటి ముందు గదిలో ఆయన ఫొటో ఒకటి పెట్టి, ఆయనతో పనిచేసినవాళ్ళను, వీధిలో ఆయనకు దగ్గరివాళ్ళను పిలిచి, ఒక్కొక్కరినీ ఒక్క సంఘటన చెప్పమనండి. మీకు తెలియని తండ్రి అక్కడ కొంత బయటికి వస్తాడు. మీ వంతు వచ్చినప్పుడు గొంతు పూడుకుపోతే పోనివ్వండి. పోయిన ఏడాది మీకు దక్కనిది అదే కదా.

రాజీ పడకూడని చోట్లు కూడా ఉన్నాయి. అప్పు చేసి జరిపించవలసిన శాంతులు, జబ్బు చేసిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆలస్యం చేసే మొక్కులు, ఫలానా కులం వాళ్ళు లోపలికి రాకూడదనే మడులు, వీటి దగ్గర 'అమ్మ కోసం' అన్న మాట చెల్లదు. అక్కడ కాదని చెప్పడానికి నాస్తికుడే కానక్కరలేదు, కానీ నాస్తికుడు కూడా నోరు మెదపకపోతే అతని ఆలోచన వల్ల ఎవరికి ఉపయోగం?

ఈ సందర్భంలో మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటి నేను ఎత్తుకుంటున్నాను. చెల్లెలి పెళ్ళి అన్నారు. నాన్నగారు లేరు. అంటే మన సంప్రదాయం ప్రకారం ఆ పెళ్ళిలో కన్యాదానం పీటల మీద మీరూ మీ భార్యో, బాబాయీ పిన్నో కూర్చుంటారు. కన్నతల్లి ఏ లోపలి గదిలోనో, వంటల దగ్గరో, జనం వెనకో ఉంటుంది. పెళ్ళికూతురిని చేసేటప్పుడు పసుపు రాయడానికి ముత్తయిదువలను పిలుస్తారు, ఆమెను పిలవరు. మంచి పనికి బయలుదేరేటప్పుడు ఎదురు రాకూడదని ఆమే తప్పుకుంటుంది, ఎవరూ చెప్పకుండానే. అమ్మ దీన్ని కూడా నమ్ముతుంది, అందుకే నొప్పి పైకి కనబడదు. మీ అవిశ్వాసం ఈ ఇంట్లో ఎవరికైనా మేలు చేయగలిగితే అది ఇక్కడ. అమ్మ చేత్తోనే మొదటి అక్షింతలు పడాలని, పీటల పక్కన కుర్చీ ఆమెదేనని, పెళ్ళి మాటలు మొదలయ్యేటప్పుడే మీరు పట్టుబట్టండి. చెల్లెలు మీ వైపు నిలబడుతుంది. చాలామంది పురోహితులు కూడా అడ్డు చెప్పరు, అడ్డు వచ్చేది చుట్టాలే. పిండాల దగ్గర కాదనడానికి పడే పెనుగులాటలో సగం ఇక్కడ పడినా, మీ అమ్మగారికి మీ ఆలోచన ఎలాంటిదో వంద చర్చల్లో అర్థం కానిది అర్థమవుతుంది.

చెల్లెలి సంబంధాల విషయం త్వరగా ముగిస్తాను. మీ నమ్మకాలు మీ చెల్లెలివి కావు. పెళ్ళిచూపుల్లో మీ గురించి ప్రకటించనక్కరలేదు. అవతలివారు సూటిగా అడిగితే అబద్ధం చెప్పనక్కరలేదు. పెళ్ళికూతురి అన్న గుడికి వెళ్ళడని వెనక్కి తగ్గే కుటుంబం ముందే తెలియడం మంచిదేనని నేననుకుంటాను, కానీ ఆ మాట చెప్పవలసింది చెల్లెలు, మీరు కాదు. ఈ ఉత్తరంలోని సంగతి అమ్మ తరువాత ఆమెకే చెప్పండి.

పెళ్ళి ఎలా జరగాలన్నది కూడా ఆమె ఇష్టమే. ఒకవేళ ఆమెకూ వరుడికీ మతపరమైన తంతు వద్దనిపిస్తే, 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. వధూవరుల్లో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని కార్యాలయంలో అందరికీ కనబడేలా పెడతారు. 30 రోజుల్లో చెల్లుబాటయ్యే అభ్యంతరం రాకపోతే, ముగ్గురు సాక్షుల ఎదుట ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఆ ముగ్గురిలో ఒకరు మీ అమ్మ కావచ్చు. ఆ బల్ల దగ్గర ఆమె భర్త ఉన్నాడా లేడా అని అడిగేవారు ఉండరు.

మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు మీరు అనుకుంటున్నంత కష్టం కాదు. ఏడేళ్ళ పిల్ల తర్కం అడగడం లేదు. నానమ్మ దీపం పెడుతుంటే నాన్న ఎందుకు దణ్ణం పెట్టడో అడుగుతోంది. 'ఉన్నాడని నానమ్మ నమ్ముతుంది. లేడని నేననుకుంటాను. ఇద్దరం నిన్ను ఒకేలా ప్రేమిస్తాం. నువ్వు పెద్దయ్యాక చదివి, ఆలోచించుకుని నిర్ణయించుకో' అని చెప్పండి. నానమ్మతో కలిసి దీపం వెలిగిస్తానంటే వెలిగించనివ్వండి, కథలు విననివ్వండి. భయం ఒక్కటి మాత్రం రానివ్వకండి. అబద్ధమాడితే దేవుడు కళ్ళు పోగొడతాడని ఎవరైనా ఆమెతో అంటే ఊరుకోకండి. అలాగే నానమ్మకు ఏమీ తెలియదనే అర్థం వచ్చేలా మీరూ మాట్లాడకండి. బడి విషయంలో రాజ్యాంగం 28వ అధికరణ మీ వెనక ఉంది: పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ ఉండకూడదు, ప్రభుత్వ గుర్తింపో సహాయమో ఉన్న సంస్థల్లో మతబోధకూ ప్రార్థనకూ హాజరుకమ్మని మైనరు పిల్లలను సంరక్షకుల సమ్మతి లేకుండా బలవంతం చేయకూడదు. ఆ హక్కు ఉందని వాడితీరాలనేమీ లేదు. ప్రార్థనలో తోటి పిల్లలతో నిలబడటం ఆమెకు ఇష్టమైతే నిలబడనివ్వండి.

చట్టం గురించి అడిగారు. 25వ అధికరణ ఇచ్చేది మతస్వేచ్ఛ ఒక్కటే కాదు, అంతఃకరణ స్వేచ్ఛ కూడా. నమ్మకపోవడం దానిలోకి వస్తుంది. కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు దైవసాక్షిగా అనడం ఇష్టం లేనివారు 1969 ప్రమాణాల చట్టం ప్రకారం గంభీరంగా ధ్రువీకరించి చెప్పవచ్చు. రాజ్యాంగ పదవుల ప్రమాణాల్లో కూడా ఈ రెండు మార్గాలూ ఉన్నాయి. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల ప్రాథమిక విధుల్లో ఒకటని 51-ఎ అధికరణలో 1976లో చేర్చారు. 2011 జనాభా లెక్కల్లో సుమారు 28.7 లక్షల మంది మతం తెలపనివారిగా నమోదయ్యారు. లెక్కల అధికారి వచ్చినప్పుడు మీరు ఏమని చెబుతారో అదే రాసుకోవాలి. 2014లో బొంబాయి హైకోర్టు, ప్రభుత్వ ఫారాల్లో మతం తెలపాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని తీర్పు ఇచ్చింది. ఆస్తి గురించి ఎవరైనా భయపెడితే నమ్మకండి. 1956 హిందూ వారసత్వ చట్టం హిందూ కుటుంబంలో పుట్టినవాడి నమ్మకాన్ని పరీక్షించదు. దేవుడు లేడనుకున్నందుకు నాన్నగారి ఆస్తిలో మీ వాటా పోదు. చెల్లెలి వాటా కూడా మీతో సమానమేనని ఈ సందర్భంలో గుర్తు చేస్తున్నాను.

ఒక్క జాగ్రత్త. మతభావాలను ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో కించపరచడం నేరం. పాత శిక్షాస్మృతిలో 295-ఎ సెక్షనుగా ఉన్నది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299గా ఉంది, మూడేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు. కేసు నిలుస్తుందా లేదా అన్నది తరువాతి మాట, ఎవరో ఫిర్యాదు చేస్తే తిరగవలసింది మీరే. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా పనిచేసిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. భయపడి నోరు మూసుకోమని కాదు నేననేది. దేవుళ్ళ బొమ్మల మీద వెటకారపు పోస్టులు పంచుకోవడంలో ధైర్యం గానీ ప్రయోజనం గానీ లేదని.

ఆఫీసులో పూజలంటే మీకు ఇబ్బందిగా ఉంటే పక్కన నిలబడండి, ప్రసాదం ఇస్తే తీసుకోండి. దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కరలేదు.

మిత్రుల సహవాసం వదులుకోవద్దు. చుట్టూ ఉన్న అందరికంటే వేరుగా ఆలోచించే మనిషికి, వివరణ ఇవ్వకుండా మాట్లాడగలిగే నలుగురు అవసరం. అయితే కూర్చున్నావా లేదా అని లెక్క చూసేవారి కంటే, నాన్న పోయినప్పుడు నీకు ఎలా ఉందని అడిగేవారిని దగ్గర పెట్టుకోండి.

చివరగా మీ గురించి. రేపు మీకు ఏమైనా జరిగితే ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలియకపోతే చుట్టాలు తమకు తెలిసిందే చేస్తారు. నేత్రదానం, దేహదానం మీకు సమ్మతమైతే ఇప్పుడే రాసి పెట్టండి. కళ్ళను మరణించిన ఆరు గంటల లోపు తీసుకోవాలి. దేహాన్ని వైద్య కళాశాలలోని శరీర నిర్మాణ శాస్త్ర విభాగం స్వీకరిస్తుంది. మీరు సంతకం చేసిన కాగితం ఎంత బలమైనదైనా ఆ సమయంలో కుటుంబం ఒప్పుకోకపోతే ఏ కళాశాలా ముందుకు రాదు. అమ్మకు ఈ మాట ఇప్పుడు చెప్పకండి, ఒక్కసారికి ఒక్కటే చాలు. మీ భార్యకు మాత్రం కాగితం ఎక్కడ ఉందో, ఏ నంబరుకు ఫోను చేయాలో చెప్పి ఉంచండి. ఆ పూట పదిమంది మధ్య నిలబడి ఫోను చేయవలసింది ఆమె.